ఏ తిండికి ఏ పొట్లం?

సంపాదకులకు నమస్కారం.

అనంతపురం పాతూరులో పద్దెనిమిదేళ్ళుగా ఓళిగలు (బొబ్బట్లు), మురుకులు, శెనక్కాయ పొడి, పప్పుల పొడి చేసి అమ్ముకుంటున్న చిన్న అంగడి మాది. ప్లాస్టిక్ సంచుల నిషేధం గురించి మీ పత్రికలో వార్త వచ్చినప్పుడల్లా అధికారుల మాట, పర్యావరణం గురించి పనిచేసేవారి మాట, అప్పుడప్పుడు కొనుగోలుదారుల మాట చదువుతున్నాను గానీ, ఆ కవరును చేతిలోకి తీసుకుని తిండి అందులో వేసి కట్టి ఇచ్చే మా వంటివాళ్ళ మాట ఎక్కడా కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం. నిషేధం వద్దని రాయడం లేదు. నిషేధం కావాలి, ఇప్పుడున్నదానికంటే గట్టిగా కావాలి. అయితే ఏ తిండికి ఏ పొట్లం సరిపోతుందో తేల్చి, ఆ పొట్లం మాకు దొరికే దారి చూపకుండా కవరును మాత్రం తీసెయ్యమంటే ఆ నిషేధం పది రోజులకు మించి నిలవడం నేను చూడలేదు.

ఓళిగ తట్టడం మన జిల్లాలో చూడనివారు ఉండరు. నూనె రాసిన ఆకు మీద పూర్ణం పొదిగిన పిండి ముద్దను పెట్టి, వేళ్ళతో చుట్టూ అదుముతూ పల్చగా తట్టి, ఆకుతో సహా పెనం మీద బోర్లించి, ఆకును మెల్లగా ఒలిచి తీస్తారు. మా అత్తగారు అరటాకు మీదే తట్టేవారు. నేను అంగడి పెట్టిన రెండో ఏడాదికల్లా, చాలామందికి లాగే మేము కూడా ఖాళీ అయిన నూనె ప్యాకెట్టును కత్తిరించి, కడిగి, దాని మీద తట్టడం అలవాటు చేసుకున్నాం. ఆకు పదిహేను ఇరవై ఓళిగలకు చినిగిపోయేది, ప్యాకెట్టు వారం రోజులు వచ్చేది. ఒక ఉగాదికి ముందు రోజు, గిరాకీ ఎక్కువై చేతులు తొందరపడుతున్నప్పుడు, కవరు అంచు పెనానికి తగిలి ముడుచుకుని, గోధుమరంగు తిరిగి, సన్నటి పోగులా సాగి ఓళిగ అంచుకు అంటుకుంది. ఆ ఓళిగను పారేశాను. కానీ అంతకు ముందు నా కంటబడకుండా ఎన్ని ఓళిగలకు అలా అంటుకుందో, అవి ఎవరి పిల్లలు తిన్నారో అన్న ఆలోచనతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి రోజు నుంచి మళ్ళీ అరటాకే. తట్టడానికి ఆకు వచ్చాక, కట్టడానికి కవరు ఎందుకన్న ప్రశ్న కూడా అక్కడే మొదలైంది.

అప్పటినుంచి నిబంధనలను కూడా శ్రద్ధగా చదువుతున్నాను. 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చేతిసంచి మందం 50 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గరాదన్నాయి. 2021 ఆగస్టులో వచ్చిన సవరణ ఆ కొలతను అదే ఏడాది సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు పెంచింది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, మిఠాయి పెట్టెల మీద చుట్టే పల్చటి పొర వంటివి దేశమంతటా నిషిద్ధం. మిఠాయి పెట్టె మీది పొర ఆ జాబితాలో ఉందన్న సంగతి మా వ్యాపారంలోనే చాలామందికి తెలియదు. అంతకంటే ముఖ్యమైన మరో సంగతి ఉంది. పిడి ఉన్న సంచికి మాత్రమే కాక, సరుకు చుట్టడానికి వాడే మామూలు ప్లాస్టిక్ పొరకు, దానితో చేసిన కవరుకు కూడా 50 మైక్రాన్ల కనీస మందం 2016 నుంచే నిబంధనల్లో ఉంది. అంటే టిఫిన్ సెంటర్లో వేడి సాంబారు పోసి దారంతో ముడివేసి ఇచ్చే ఆ పల్చటి కవరు కూడా నిబంధనకు విరుద్ధమే. జనం మాత్రం నిషేధమంటే పిడి ఉన్న సంచికే అనుకుంటున్నారు. అందుకే పెద్ద సంచి మాయమైన అంగళ్ళలో కూడా చిన్న కవర్ల కట్టలు దర్జాగా వేలాడుతున్నాయి.

మందం ఎందుకు పెంచారన్నది కూడా జనానికి ఎవరూ సరిగా చెప్పలేదు. మందపు సంచిని ఇంట్లో రెండుసార్లు వాడతారు, పారేసినా చెత్త ఏరుకునేవారికి నాలుగు డబ్బులు వస్తాయి కాబట్టి వాళ్ళు తీసుకుంటారు. పల్చటి కవర్లు కిలో కావాలంటే వందలకొద్దీ ఏరాలి, అందులోనూ తిండి అంటినవి కడగాలి. కాబట్టి వాటిని ఎవరూ ముట్టరు. అవి కాలువలోకైనా పోవాలి, గాలికైనా పోవాలి. ఆషాఢ మాసంలో మన ఊరి గాలి సంగతి తెలిసిందే. బుక్కరాయసముద్రం దారిలో కంపచెట్లకు ఆకుల కంటే కవర్లే ఎక్కువగా కనబడతాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనిషి వెంట్రుక మందమే రమారమి 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. అటువంటి కొలతను తోపుడుబండి మీద పండ్లు అమ్మే మనిషి చేతితో తడిమి ఎలా చెప్పగలడు? కట్ట మీద ఏ అంకె అచ్చువేసి ఉంటే అదే నమ్ముతాడు. ఆ అంకె అచ్చువేసినవాడిని, ఆ కట్టను వందల కట్టలుగా ఊళ్ళోకి దించినవాడిని వదిలేసి, చివర నిలబడి ఒక్కొక్క కవరు చింపి ఇచ్చేవాడిని పట్టుకోవడం న్యాయమూ కాదు, ఫలితమూ ఉండదు. చిల్లరగా అమ్మే అంగళ్ళు మన ఊళ్ళో వేలల్లో ఉంటాయి, టోకున కవర్లు దించేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. కొళాయి తిప్పకుండా నేల తుడవడం ఎంతకాలం?

తిండి కవరును మిగతా కవర్లతో కలిపి చూడకూడదని కూడా చెప్పాలి. బట్టల అంగడి కవరును ఆవు వాసన చూసి వదిలేస్తుంది. మిగిలిపోయిన చిత్రాన్నం మూటగట్టి పారేసిన కవరును, ఉప్పూ కారం అంటిన బజ్జీల కవరును అది వదలదు, ముడి విప్పుకోలేదు కాబట్టి కవరుతో సహా మింగుతుంది. నెమరువేసే పశువు మొదటి కడుపులోకి చేరిన ప్లాస్టిక్ ముందుకూ పోదు, వెనక్కీ రాదు. అక్కడే ఉండలు చుట్టుకుని పెరుగుతుంది. కడుపు నిండినట్టు కనబడే ఆవు మేతకు చోటు లేక చిక్కిపోతుంది. ఈ సంగతిని దేశానికి చెప్పింది మన సీమే అన్నది ఎంతమందికి గుర్తుందో తెలియదు. అప్పట్లో మన జిల్లాలోనే ఉన్న పుట్టపర్తిలోని కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ, వీధి ఆవులకు శస్త్రచికిత్సలు చేసి కడుపుల్లోంచి కిలోలకొద్దీ ప్లాస్టిక్ తీసి, 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ వ్యాజ్యం విచారణలోనే అత్యున్నత న్యాయస్థానం, అదుపులేని ప్లాస్టిక్ వాడకం రాబోయే తరాలకు అణుబాంబును మించిన ముప్పు అనే భావం వ్యక్తం చేసింది. అటువంటి ఫిర్యాదు పుట్టిన నేల మీద ఇన్నేళ్ళ తర్వాత కూడా పాతూరు చెత్తకుండీల దగ్గర ఆవులు ముడివేసిన కవర్లు నములుతుంటే, తిండి అమ్ముకునే మనిషిగా నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ ముడులు మా వంటి అంగళ్ళలో వేసినవే.

2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగినప్పుడు కూడా ఇదే చూశాను. దానికి పెద్ద కారణాలు వేరే ఉన్నాయి. ఎగువన కురిసిన వాన, వంక గట్ల ఆక్రమణలు, ఏళ్ళ తరబడి తీయని పూడిక. ఆ మాట దాచి నెపమంతా కవర్ల మీదే వేయడం సరి కాదు. కానీ నీళ్ళు తగ్గాక మా బంధువుల వీధిలో కల్వర్టు నోటి దగ్గర పారలతో ఎత్తిపోసిన కుప్పలో మట్టికంటే ముందు బయటికి వచ్చింది కవర్ల చాప. ఒకదానిలో ఒకటి పెనవేసుకుని, మధ్యలో చట్నీ పొట్లాల దారాలు కూడా అలాగే ఉన్నాయి.

సరే, కవరు వద్దు, మరి ఏది? దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్ళ మీద నాకు నమ్మకం పోయింది. పొడి తిండి వేరు, నూనె తిండి వేరు, వేడి పులుసు వేరు, నెలల తరబడి నిలవ ఉండాల్సింది వేరు.

పొడి సరుకులకు కాగితం చాలు. బొరుగులు, వేయించిన శెనక్కాయలు, మురుకులు మేము మందపు కాగితపు సంచిలోనే ఇస్తున్నాము. పొడులు మాత్రం వానాకాలంలో కాగితంలో చెమ్మ పట్టి గడ్డకడతాయి. వాటికి గాజు సీసా పెట్టాను. మొదటిసారి సీసా ధర తీసుకుంటాము, తర్వాత అదే సీసా తెస్తే పొడి మాత్రమే తూచి పోస్తాము. మా దగ్గర నెలనెలా పొడి కొనే ఇళ్ళలో సగానికి పైగా ఇప్పుడు సీసా పట్టుకుని వస్తున్నారు. వాళ్ళకు పర్యావరణం గురించి నేను ఒక్క మాట చెప్పలేదు. సీసాలో పొడి వాసన నిలుస్తుందని వాళ్ళే కనిపెట్టారు.

నూనె, నెయ్యి తిండి దగ్గరే అసలు తంటా. ఓళిగను ఉత్త కాగితంలో చుడితే నెయ్యి పావుగంటలో బయటికి వస్తుంది, కాగితం పూర్ణానికి అంటుకుంటుంది. ఇన్నాళ్ళూ మన వీధుల్లో దీనికి దొరికిన విరుగుడు పాత పత్రిక. మీ పత్రికను ఉదయం చదివి సాయంత్రం అందులోనే బజ్జీలు చుట్టి ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. వేడి నూనెకు అచ్చు సిరా కరిగి తిండిలోకి దిగుతుందని, అందులో సీసం వంటి విష పదార్థాలు ఉండవచ్చని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పదే పదే హెచ్చరించింది. 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో తిండి చుట్టడానికి పత్రికలు వాడరాదనే చెప్పింది. ప్లాస్టిక్ మానేసి పత్రికకు మారడమంటే ఒక తప్పు మాని మరో తప్పు పట్టుకోవడమే. ఇప్పుడు మేము లోపల అరటాకు, పైన అచ్చులేని తెల్ల కాగితం, దాని చుట్టూ దారం వాడుతున్నాము. ఆకును నిప్పు సెగకు ఒక్కసారి చూపిస్తే మెత్తబడి మడతకు చినగదు. పది ఓళిగలు ఆ పొట్లంలో సాయంత్రం దాకా ఆరిపోకుండా ఉంటాయి. ఆ వాసన కోసమే వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

అరటాకు విషయంలో ఒక మాట పొడిగించాలి. మన జిల్లా అరటికి ఇప్పుడు పెద్ద పేరు. పుట్లూరు, యల్లనూరు, నార్పల మండలాల గెలలు 2020లో తాడిపత్రి నుంచి ప్రత్యేక రైలెక్కి ముంబయి ఓడరేవు మీదుగా విదేశాలకు వెళ్ళాయి. అదే తోటల్లో గెల కోశాక చెట్టును నరికి, ఆకులను అక్కడే పడేస్తున్నారు. గెల మీదున్న చెట్టు ఆకులు కోస్తే కాయ ఊరదు కాబట్టి రైతు ఒప్పుకోడు, ఒప్పుకోవాలని అడగకూడదు కూడా. కోతనాటికి గాలికి చినగకుండా, మచ్చ లేకుండా మిగిలిన ఆకులను అదే రోజు కోసి, కట్టగట్టి ఊరికి చేర్చే ఏర్పాటు ఉంటే రైతుకు నాలుగు రూపాయలు, మాకు రోజూ ఆకు. నేను ఇప్పుడు ఆకు కోసం ఒక తోట యజమానిని బతిమాలుకుని, అటునుంచి వచ్చే పాల ఆటోలో తెప్పించుకుంటున్నాను. పండగల ముందు ఆకు దొరకదు. ఆ నాలుగు రోజులు నా మాట నేను నిలబెట్టుకోవడం ఎంత కష్టమవుతుందో చెప్పలేను. మోదుగాకు విస్తర్లు, దొప్పలు కుట్టే చేతులు నల్లమల చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. కర్ణాటక నుంచి వచ్చే పోక మట్ట పళ్ళేలు బాగానే ఉంటాయి గానీ, వానాకాలంలో ఒక మూట గోడకు ఆనించి పెడితే వారంలో బూజు పట్టి మొత్తం పారేయాల్సి వచ్చింది. ఎండబెట్టి, గాలి ఆడే చోట ఎత్తుగా పెట్టాలని అమ్మినవారు చెప్పలేదు, నాకు తెలియలేదు. ప్రత్యామ్నాయం అంటే వస్తువు ఒక్కటే ఇస్తే సరిపోదు, దాన్ని ఎలా నిలవ చేయాలో కూడా చెప్పాలనడానికే ఇది రాస్తున్నాను.

వేడి సాంబారు, వేడి చారు, పార్సిల్ టీ. వీటికి కాగితంలో గానీ ఆకులో గానీ మంచి ప్రత్యామ్నాయం లేదని నిర్మొహమాటంగా ఒప్పుకోవాలి. కాగితపు కప్పు ప్లాస్టిక్ కాదు కదా అని చాలామంది నిశ్చింతగా ఉన్నారు. ద్రవం పీల్చుకోకుండా ఆ కప్పు లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు అటువంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి నీళ్ళు పోసి 15 నిమిషాలు ఉంచి చూస్తే, ఆ నీళ్ళలో సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు తేలాయి. కప్పులోనే అంత ఉంటే, పొయ్యి మీద మరుగుతున్న సాంబారును గరిటెతో నేరుగా పల్చటి కవరులోకి దించడం గురించి వేరే చెప్పాలా? దీనికి స్టీలు డబ్బా ఒక్కటే దారి. మా తాతల కాలంలో హోటలుకు గిన్నె, చెంబు తీసుకుని వెళ్ళడం నామోషీ కాదు. ఇప్పుడు ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళే దారిలో ఆగే మనిషి చేతిలో గిన్నె ఎలా ఉంటుందన్నది నిజమే. అందుకే మా పక్కనున్న టిఫిన్ సెంటరు వాళ్ళూ మేమూ కలిసి ఒక ప్రయత్నం చేశాము. మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలు నలభై కొని, యాభై రూపాయలు ధరావతు తీసుకుని వాటిలో సాంబారు, చట్నీ ఇచ్చాము. డబ్బా తెచ్చి ఇస్తే డబ్బు వెనక్కి. మొదటి నెల ముప్పై ఒక్క డబ్బాలు తిరిగి వచ్చాయి. రానివాటికి ధరావతు మిగిలింది కాబట్టి పెద్దగా నష్టపోలేదు. మూడో నెలకు తెలిసింది ఏమిటంటే, ఒక్క అంగడిలో కాక వీధి మొత్తం మీద ఎక్కడ తీసుకున్న డబ్బాను ఎక్కడైనా తిరిగి ఇవ్వగలిగితేనే ఇది సాగుతుంది. అది ఇద్దరు అంగడివాళ్ళు కలిసి చేయగలిగిన పని కాదు.

నెలల తరబడి నిలవ ఉండే సరుకు గురించి కూడా ఒక మాట చెప్పకపోతే నా వాదన ఒంటికంటి చూపు అవుతుంది. శెనక్కాయ విత్తనాలకు చెమ్మ తగిలితే బూజు పడుతుంది, ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. శెనక్కాయ నూనెకు గాలి, వెలుతురు తగిలితే ముక్కిపోతుంది. ఇటువంటి చోట గాలి, చెమ్మ లోపలికి పోనివ్వని ప్లాస్టిక్ తిండిని నిజంగానే కాపాడుతోంది. అక్కడ నిషేధం అడగడం తెలివి కాదు. అడగాల్సింది, ఆ ప్యాకెట్టును ఒకే రకం ప్లాస్టిక్‌తో చేయాలని, వాడేశాక వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారు మోయాలని. ఆ బాధ్యత నిబంధనల్లో ఇప్పటికే ఉంది. 2022 ఫిబ్రవరిలో దానికి విధివిధానాలు కూడా వచ్చాయి. పాల ప్యాకెట్టు అలా ఒకే రకం ప్లాస్టిక్కే, కడిగి ఆరబెడితే పాతసామాను అంగడివాళ్ళు తీసుకుంటారు. చిప్సు ప్యాకెట్టు పొరల మీద పొరలు అతికించింది, దాన్ని విడదీసి మళ్ళీ వాడడం సాధ్యపడక చివరకు సిమెంటు బట్టీల్లో కాల్చాల్సి వస్తోంది. ఇళ్ళల్లో ఆడవాళ్ళకు నా మనవి ఒకటుంది. పాల ప్యాకెట్టు మూల కత్తిరించేటప్పుడు ఆ ముక్కను పూర్తిగా వేరు చేయకండి. గోరంత ముక్క ఎవరూ ఏరరు, నేరుగా తూము పాలవుతుంది.

ఇక, పచ్చ రంగు ఆకు బొమ్మ వేసి అమ్ముతున్న సంచుల సంగతి. రెండేళ్ళ కిందట ఒక టోకు వ్యాపారి, నూటికి నూరు పాళ్ళు భూమిలో కలిసిపోయేవని చెప్పి, మామూలు కవరుకు మూడు రెట్ల ధరకు రెండు కట్టలు అంటగట్టాడు. సంతోషంగా కొన్నాను, కొనేవాళ్ళకు కూడా గొప్పగా చెప్పాను. తర్వాత అనుమానం వచ్చి ఒక కవరును పెరట్లో ఎరువు గుంతలో వేశాను. కరివేప రెబ్బలు, అరటి తొక్కలు, కుళ్ళిన టమాటాలు అన్నీ నల్లటి మట్టి అయ్యాయి. వానాకాలం వెళ్ళి సంక్రాంతి వచ్చాక తవ్వితే కవరు కవరులాగే ఉంది, ఆకు బొమ్మ రంగు కూడా పోలేదు. నేను నమ్మి చెప్పిన మాట నమ్మి తీసుకెళ్ళినవాళ్ళందరికీ ఏమని చెప్పాలి? ఎరువుగా మారే సంచులకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువీకరణ ఉండాలని నాకు ఆ తర్వాతే తెలిసింది. నిజంగా ధ్రువీకరణ ఉన్నవి కూడా ప్రమాణం ప్రకారం దాదాపు 58 డిగ్రీల వేడి నిలిపే పెద్ద ఎరువు కేంద్రాల్లో మురగడానికి ఉద్దేశించినవి. మురుగు కాలువలో పడితే అవి కూడా కాలువకు అడ్డమే. తిరుమలలో లడ్డూల కోసం 2021లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో సాయంతో మొక్కజొన్న పిండితో చేసిన సంచులు పెట్టారు. అక్కడ అలిపిరి దగ్గర తనిఖీ ఉంటుంది, కొండ మీద చెత్త ఒకే చోటికి చేరుతుంది. మన ఊరికి ద్వారమూ లేదు, చెత్త ఒకే చోటికి చేరడమూ లేదు. అక్కడ నడిచిన ఉపాయం ఇక్కడ యథాతథంగా నడవదని గుర్తించకుండా అదే సంచిని ఇక్కడ పంచితే డబ్బు వృథా.

ధర గురించి దాచకుండా చెబుతాను. నాకు పడేదాన్ని బట్టి పల్చటి కవరు ముప్పై పైసల లోపు, కాగితపు సంచి రెండు రూపాయలు, ఆకు, కాగితం, దారం కలిపి పొట్లానికి నాలుగు రూపాయలు. పది ఓళిగల మీద ఆ నాలుగు రూపాయలు ఎవరికీ బరువు కాదు. ముప్పై రూపాయల ఇడ్లీ ప్లేటు మీద అవే నాలుగు రూపాయలు మోయలేని బరువు. ఇరవై రూపాయల ఆకుకూర అమ్మే అవ్వకు గుడ్డసంచి ఇవ్వమని చెప్పడం అన్యాయం. అక్కడ సంచి తేవాల్సింది కొనేవాళ్ళే. అందరికీ ఒకే నియమం, ఒకే జరిమానా అన్నప్పుడు ముందు చితికేది ఆ అవ్వే. పొరుగున తమిళనాడులో నిషేధం 2019 జనవరి 1న వచ్చింది, పసుపు గుడ్డసంచిని మళ్ళీ జనం చేతికి అందించే పథకం 2021 డిసెంబరులో గానీ రాలేదు. వచ్చాక బజార్లలో పది రూపాయలు వేస్తే గుడ్డసంచి ఇచ్చే యంత్రాలు కూడా పెట్టారు. మనం ఆ వరుసను తిరగేసి, సంచిని ముందు పెట్టి నిషేధాన్ని వెంట తేవచ్చు.

అందువల్ల నగరపాలక, జిల్లా అధికారులకు మీ పత్రిక ద్వారా నేను అడిగేది ఇది. తనిఖీలను టోకు గోదాముల నుంచి మొదలుపెట్టండి, మందం కొలిచే పరికరం అక్కడికి తీసుకెళ్ళండి. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద ఉన్న పొదుపు సంఘాల మహిళలకు గుడ్డసంచులు, దొప్పలు, కాగితపు సంచులు కుట్టే పని అప్పగించి, వాటిని టోకు ధరకు అమ్మే ఒక అంగడి టవర్ క్లాక్ చుట్టుపక్కల పెట్టండి. మేము ఎవరినీ ఉచితంగా ఇమ్మని అడగడం లేదు, ఏడాది పొడవునా ఒకే నాణ్యతతో దొరికితే చాలు. అరటాకు సేకరణను ఉద్యానశాఖ చేతికివ్వండి. స్టీలు డబ్బాల ధరావతు పద్ధతిని ముందు ఒక్క వీధిలో, ఆ వీధి టిఫిన్ సెంటర్లన్నింటినీ కలిపి ఆరు నెలలు నడిపి చూడండి. ధ్రువీకరణ ఉన్న తయారీదారుల పేర్లను పత్రికల్లో వేయించండి, నావంటివాళ్ళు మరోసారి మోసపోకుండా ఉంటారు.

ప్రతి నెలా మూడో శనివారం స్వర్ణాంధ్ర స్వచ్ఛాంధ్ర పేరుతో చీపుర్లు పట్టి వీధులు ఊడుస్తున్నారు. అందులో ఒక్క శనివారం చీపుర్లు పక్కన పెట్టి, కవర్లు అమ్మే టోకు వ్యాపారులను, టిఫిన్ సెంటర్ల వారిని, మాంసం అంగళ్ళ వారిని, పొదుపు సంఘాల మహిళలను, ఇద్దరు ముగ్గురు అరటి రైతులను ఒకచోట కూర్చోబెట్టండి. మా మా తిండి పదార్థాలు తెచ్చి బల్ల మీద పెడతాము. ఏది దేనిలో కారుతుందో, ఏది దేనిలో చెమ్మ పడుతుందో, ఏది ఎంతసేపు నిలుస్తుందో అందరం కలిసి చూద్దాం. ఆకులో కట్టిన ఓళిగలు, సీసాలో పోసిన పొడి, ఇంకా మురగని ఆ ఆకు బొమ్మ కవరు, మూడూ నేను తెస్తాను.

ఇట్లు,
ఒక ఓళిగల అంగడి నడుపుతున్న గృహిణి,
పాతూరు, అనంతపురం